రాత్రి తిమ్మిరి, పగలు జారిపోయే చెంబు: నొప్పి తగ్గితే బాగైనట్టేనా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పలమనేరు దగ్గర పల్లె, అమ్మకు 51 ఏళ్లు, మూడు జెర్సీ ఆవులు, రెండు పూటలా పాలు పిండేది ఆమే. ఎనిమిది నెలలుగా రాత్రి రెండు మూడు గంటలకు కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే సర్దుకుంటోంది. ఊళ్లో ఆరెంపీ నరాల బలహీనత అని సూదులు వేశాడు, టౌనులో ఒకరు మెడ ఎముకలు అరిగాయన్నారు, పక్కింటివాళ్లు పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమన్నారు, ఇంకెవరో ఆపరేషన్ తప్పదన్నారు, అమ్మకేమో ఇది పక్షవాతానికి మొదలేమోనని భయం. చివర్లో ఒక మాట రాశారు, 'ఈ నెల రోజులుగా నొప్పి కాస్త తగ్గింది, కానీ చెంబు చేతిలోంచి జారిపోతోంది' అని. నాకు టెన్షన్ పుట్టించింది ఆ చివరి మాటే. ఈ జబ్బులో నొప్పి తగ్గడం ప్రతిసారీ మంచి కబురు కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుని, 18 ఏళ్లుగా ఎక్కువగా చేతులే చూస్తున్నాను. ఆపరేషన్ చేసేది నేను కాదు, దానికి ముందు, తర్వాత ఆ చేతుల్ని పట్టుకుని కూర్చునేది నేను. అమ్మను చూడకుండా ఇదే జబ్బని తేల్చి చెప్పలేను, కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ వైపే చూపిస్తున్నాయి.

మణికట్టు దాటి అరచెయ్యి మొదలయ్యే చోట లోపల ఒక ఇరుకు దారి ఉంటుంది, కార్పల్ టన్నెల్ అంటే అదే. అడుగున, పక్కల చిన్న చిన్న ఎముకలు, పైకప్పులా అడ్డంగా ఒక గట్టి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీ. వేళ్లను మడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాల తాళ్లు, వాటితో పాటు మీడియన్ నరం ఈ దారిలోంచే వెళ్లాలి. ఎముకలు ఎటూ జరగవు, లిగమెంటు పెద్దగా సాగదు. టెండన్ల చుట్టూ ఉన్న పొర కొంచెం దళసరి అయినా, ఒంట్లో నీరు చేరినా, లోపల ఒత్తిడి పెరిగి నలిగేది నరమే, ఆ గుంపులో మెత్తనిది అదొక్కటే మరి. నిద్రలో మనం తెలియకుండానే మణికట్టును లోపలికి మడిచి చెంప కిందో, దిండు కిందో పెట్టుకుంటాం, దారి ఇంకా ఇరుకైపోతుంది, నరానికి రక్తం అందక తిమ్మిరి మొదలవుతుంది. లేచి విదిలిస్తే మణికట్టు తిన్నగా అయి, రక్తం ఆడి, తిమ్మిరి పోతుంది. ఈ రాత్రి విదిలింపు ఎంత ముఖ్యమైన గుర్తంటే, మా దగ్గరికి వచ్చినవాళ్లని నేను మొదట అడిగే ప్రశ్నే అది, 'రాత్రి లేచి ఏం చేస్తారు?' అని. చాలామంది నోటితో చెప్పరు, థర్మామీటర్ విదిలించినట్టు చెయ్యి విదిలించి చూపిస్తారు.

ఇంట్లోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి, ఈ ఆదివారం మీరు ఊరికి వెళ్లినప్పుడు చూడండి. తిమ్మిరి ఏ వేళ్లలోనో అమ్మనే చూపించమనండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం, ఇంతవరకే మీడియన్ నరం రాజ్యం. చిటికెన వేలు దానిది కాదు. కళ్లు మూసుకోమని చెప్పి పక్షి ఈకతోనో దూదితోనో ఉంగరపు వేలి రెండు పక్కలా తాకండి, ఒక పక్క బాగా తెలిసి ఇంకో పక్క మొద్దుగా ఉందంటే తేడా మణికట్టు దగ్గరే అనుకోవడానికి అది గట్టి ఆధారం. తర్వాత రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేలా, నమస్కారాన్ని తలకిందులు చేసినట్టు ఒక నిమిషం పట్టుకోమనండి. నిమిషం లోపే ఆ వేళ్లలో తిమ్మిరి మొదలైతే రాసిపెట్టుకోండి, డాక్టరుకు పనికొస్తుంది. ఇది ఒక్కటి చూసి తేల్చేయకూడదు, జబ్బు ఉన్నా కొందరికి ఇందులో ఏమీ తెలియదు.

చిటికెన వేలే ఎక్కువ మొద్దుబారితే దారి వేరు, మోచేతి దగ్గర నలిగే వేరే నరం సంగతి అది. మెడ తిప్పినప్పుడు భుజం మీదుగా చేతిలోకి నొప్పి జివ్వున లాగితే మెడను చూడాలి. 51 ఏళ్ల మనిషికి మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనపడకపోతే వింత గానీ కనపడితే కాదు, ఆ ఫిల్మ్ ఒక్కటి చూసి చేతి తిమ్మిరిని మెడకు అంటగట్టకూడదు. మా మేనత్తకు అదే జరిగింది, ఒక ఆసుపత్రిలో మెడ అని చెప్పి ఏడాదిన్నర మెడపట్టీ వేయించారు, ఎవరూ ఆమె మణికట్టు తాకి చూడలేదు. రెండు కాళ్లు ముందు మొదలై తర్వాత చేతులకు వస్తే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. చర్మం మీద రంగు తగ్గిన, స్పర్శ తెలియని మచ్చ ఏదైనా ఉంటే దాచుకోకుండా చూపించాలి, కుష్ఠు కూడా చేతి నరాలను పట్టుకుంటుంది, మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బే అది.

ఇక పక్షవాతం భయం. అమ్మకు ఇది గట్టిగా చెప్పండి, పక్షవాతం నిమిషాల్లో ఉన్నట్టుండి వస్తుంది, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలూ చెయ్యీ కలిసి పడిపోవడం. అలా ఎప్పుడైనా జరిగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నెలల తరబడి రాత్రిళ్లు వచ్చి, విదిలిస్తే పోయే మూడు వేళ్ల తిమ్మిరి ఆ తీరు కాదు.

ఇప్పుడు ఆ చెంబు సంగతి. కొన్నేళ్ల కిందట శ్రీకాళహస్తి నుంచి ఒకామె వచ్చింది, నలభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి కలంకారీ వేస్తోంది. రెండేళ్లు రాత్రి నొప్పితో బాధపడిందట, తర్వాత తగ్గిపోయిందట. "నొప్పి పోయింది సార్, ఇంగ బాగైపోయింది అనుకుంటి. ఇప్పుడు గీత సరిగ్గా రాలేదు, రంగు ముద్దగా పడతా ఉండాది" అంది. కలం తెచ్చుకుంది, పట్టుకుని చూపించమన్నాను. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించి ఉంటుంది, రంగులో ముంచి గీస్తూ ఆ ఉన్ని ముద్దను మూడు వేళ్లతో నొక్కుతుంటే మొనకు సమంగా రంగు దిగుతుంది. ఎంత నొక్కాలో కంటికి తెలియదు, వేలి కొసలకే తెలుస్తుంది. ఆమె వేలి కొసలకు ఆ ముద్ద తడిగా ఉందో పొడిగా ఉందో తెలియడం లేదు. రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పక్కపక్కన పెట్టమన్నాను. ఎడమ బొటనవేలి కింద కండ గుండ్రంగా, నిండుగా ఉంది. కుడిచేతిలో అదే చోట పల్లం పడి, నా వేలికి లోపలి ఎముక గట్టుగా తగిలింది. బొటనవేలిని పైకప్పు వైపు ఎత్తమని, నా చూపుడు వేలితో కొంచెం కిందికి నొక్కాను. నిలబెట్టలేకపోయింది.

నొప్పి పోయింది నరం కోలుకున్నందుకు కాదు. నొప్పిని చేరవేయాల్సిన తంతులే చచ్చుబడ్డాయి. ఆమెకు ఆపరేషన్ అయింది, అయిన వారంలోనే రాత్రి నిద్ర బాగుపడింది, కానీ వేలి కొసల్లో స్పర్శ రావడానికి ఏడాది దాటింది, వచ్చింది కూడా పూర్తిగా కాదు. దెబ్బతిన్న నరం తంతులు తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, మణికట్టు నుంచి వేలి కొసకు ఎంత దూరమో కొలుచుకుంటే నెలల లెక్క మీకే తెలుస్తుంది. బొటనవేలి కండ తిరిగి నిండలేదు. ఇప్పుడు ఇంట్లో గీతలు కూతురు గీస్తుంది, ఆమె రంగులు నింపుతుంది. ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అందుకే అమ్మ చేతులు రెండూ పక్కపక్కన పెట్టి ఆ బొటనవేలి కండ చూడమంటున్నాను. రవిక హుక్కులు పెట్టుకోవడం, కింద పడిన రూపాయి బిళ్ల కళ్లు మూసుకుని తీయడం, చీర కుచ్చిళ్లు మడవడం కష్టంగా ఉందేమో అడగండి. తిమ్మిరి వచ్చిపోతోందా, పగలంతా కూడా ఉంటోందా అన్నది మరీ ముఖ్యం. వచ్చిపోయే దశలో చికిత్స సులువు. ఎప్పుడూ ఉండిపోయి, పట్టు కూడా తప్పుతోందంటే వారాల్లోనే పెద్ద ఆసుపత్రిలో చూపించాలి, పండగ అయ్యాక చూద్దాం అనకూడదు. మన వైపు వాళ్లకు తిరుపతిలో స్విమ్స్, రుయా, టీటీడీ నడిపే బర్డ్ ఉన్నాయి, పలమనేరు నుంచి మీకు వేలూరు సీఎంసీ కూడా అందుబాటులోనే. ఎముకల డాక్టరుకైనా, న్యూరాలజిస్టుకైనా, ప్లాస్టిక్ సర్జన్‌కైనా చూపించవచ్చు, చేతుల కేసులు తరచుగా చూసేవాళ్లయితే మేలు.

అక్కడ నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష చేస్తారు, ఎన్‌సీవీ అంటారు. చిన్న చిన్న షాకుల్లా చురుక్కుమంటుంది, అంతకు మించి ఏమీ ఉండదు, అమ్మకు ముందే చెప్పి తీసుకెళ్లండి. నరం ఎంత నలిగిందో దీనితో ఒక అంచనా వస్తుంది. తొలి దశలో రిపోర్టు మామూలుగా వచ్చే వీలుంది, అలా వచ్చిందని బాధ ఉత్తదే అనుకోకూడదు. కొన్నిచోట్ల స్కానింగ్‌లో నరం వాపు కూడా చూస్తారు. వీటితో పాటు థైరాయిడ్, షుగర్ పరీక్షలు తప్పకుండా చేయించండి. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, బరువు పెరిగినా ఈ దారి ఇరుకవుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ, నెలసరి ఆగే వయసులో ఇంకా ఎక్కువ, గర్భిణులకు చివరి నెలల్లో వచ్చి కాన్పు తర్వాత చాలామందికి దానంతటదే పోతుంది. కాబట్టి తప్పంతా ఆవుల మీద వేయకండి, అయితే ఆవుల పాత్ర లేదని కూడా అనను. గట్టిగా పట్టి, మణికట్టు వంచి, అదే పని వందలసార్లు చేసేవాళ్లలో ఇది ఎక్కువే. కంప్యూటరు కీబోర్డే అసలు కారణం అని చాలామంది నమ్ముతారు గానీ దానికి ఆధారాలు అంత గట్టిగా లేవు.

మందుల సంగతి. 'నరాల సూదులు' అని వేసేవి ఎక్కువగా బి విటమిన్లు. బి12 తక్కువ ఉన్నవాళ్లకు, షుగర్ కోసం మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు అవి అవసరం కావచ్చు, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. నలిగిన నరానికి చోటు కల్పించే శక్తి ఏ విటమిన్‌కీ లేదు, పైగా బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి తీసుకుంటే అదే తిమ్మిరి తెచ్చిపెడుతుంది. నొప్పి మాత్రలు కూడా ఈ జబ్బులో పెద్దగా పని చేయవు, ఊరికే కడుపు పాడుచేసుకోవడం.

పుత్తూరు కట్టు గురించి అడిగారు. ఆ కట్టు మీద మన జిల్లాలవాళ్లకు ఎంత గురో నాకు తెలుసు, మా ఇంట్లో పెద్దవాళ్లూ అక్కడికి వెళ్లినవాళ్లే. కానీ అది విరిగిన ఎముక కోసం కట్టేది. ఇక్కడ ఎముక విరగలేదు, లోపల చోటు చాలడం లేదు. చోటు చాలని దాని మీద బయటి నుంచి బిగించి కడితే ఒత్తిడి పెరుగుతుందే గానీ తగ్గదు. నరం తప్పిందని గట్టిగా మర్దన చేయించడం కూడా వద్దు.

తొలి దశలో నేను మొదట చెప్పేది రాత్రిపూట మణికట్టు స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే తొడుగు. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, కానీ ఇక్కడొక చిన్న విషయం చాలామంది చెప్పరు. చాలా స్ప్లింట్లలో అరచేతి వైపు ఒక లోహపు పట్టీ ఉంటుంది, అది మణికట్టును వెనక్కి ఎత్తి పట్టేలా వంచి ఉంటుంది. నరం మీద ఒత్తిడి అన్నిటికంటే తక్కువగా ఉండేది మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు, అటు వంగినా ఇటు వంగినా పెరుగుతుంది. స్ప్లింట్ కుట్టు సందులోంచి ఆ పట్టీని బయటికి లాగి, బల్ల అంచుకు ఆనించి తిన్నగా చేసి మళ్లీ లోపల పెట్టండి. వేసుకున్నాక పక్క నుంచి చూస్తే ముంజేయి, అరచెయ్యి ఒకే గీతలో ఉండాలి. వేళ్లు పిడికిలి పట్టేంత వదులుగా, చేతికి చుట్టి బిగించే పట్టీ కింద ఒక వేలు దూరేంత సడలుగా ఉండాలి. రోజూ రాత్రి, కనీసం ఆరు వారాలు. మొదటి రెండు మూడు రాత్రులు చిరాగ్గా ఉండి తీసి పారేస్తారు, అమ్మ చేత ఓపిక పట్టించండి.

దానితో చాలకపోతే మణికట్టు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి కొన్ని వారాలు, కొన్ని నెలలు మంచి ఉపశమనం ఉంటుంది, కొందరికి తిరగబెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొద్ది రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి. సూది గుచ్చేటప్పుడు వేళ్లలోకి కరెంటులా కొడితే వెంటనే 'ఆపండి' అనాలి, సూది నరానికి తగులుతోందని అర్థం. బొటనవేలి కండ పల్లం పడ్డవాళ్లు ఇంజెక్షన్లతో కాలం గడపకూడదు, లోపల నరం తగ్గిపోతూనే ఉంటుంది.

నా వృత్తి వ్యాయామాలు చెప్పడమే, అయినా నిజం చెప్పాలి, నరాన్ని, టెండన్లను మెల్లగా జార్చే కసరత్తులు స్ప్లింట్‌కు తోడుగా కొంత పనికొస్తాయి, వాటితోనే నయమవుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. రబ్బరు బంతి పిసకడం మాత్రం మానేయమనండి. పట్టు తగ్గింది కదా అని అందరూ ఇచ్చే సలహా అది, గట్టిగా పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది.

పాలు పిండే తీరు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. బొటనవేలు లోపలికి మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి లాగడం మన వైపు చాలామందికి అలవాటు. అది బొటనవేలికీ మణికట్టుకీ భారం, ఆవు చన్నుకీ మంచిది కాదు. అరచెయ్యి నిండా పట్టి, పైనుంచి కిందికి ఒక్కో వేలు మూస్తూ పిండడం మేలు, మణికట్టు తిన్నగా ఉంచాలి. మూడు ఆవులంటే ఒక చిన్న పాల మిషన్ గురించి ఆలోచించినా తప్పులేదు. సంగటి కెలకడం, తడి దుప్పట్లు పిండడం కొన్నాళ్లు ఇంట్లో వేరేవాళ్లు చేయాలి. మిగతా పనులకు ఆమెనేమీ ఆపనక్కర్లేదు, చెయ్యి అసలు వాడకుండా కూర్చోబెట్టడం వల్ల లాభం లేదు.

ఆపరేషన్ అంటే భయపడుతున్నారు కాబట్టి అది ఎలా ఉంటుందో చెబుతాను. చెయ్యి వరకే మత్తు, మనిషికి తెలివి ఉంటుంది. అరచేతి మొదట్లో చిన్న కోత పెట్టి, నేను పైకప్పు అన్నానే ఆ లిగమెంటును కోస్తారు, అంతే, దాన్ని తీసేయరు. కోసిన అంచులు కాస్త ఎడంగా మానుకుని దారి వెడల్పవుతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. వేళ్లు ఆ రోజు నుంచే ఆడిస్తూ ఉండాలి, చెయ్యి వేలాడేయకుండా గుండె కంటే ఎత్తులో పెట్టుకోవాలి, కుట్లు రెండు వారాల లోపు తీస్తారు. తర్వాత అరచేతి మొదట్లో, కోతకు రెండు పక్కలా, నేల మీద చెయ్యి ఆనించి లేచేటప్పుడు నొప్పి ఉంటుంది, అది రెండు మూడు నెలలు ఉండవచ్చు, ఆపరేషన్ చెడిపోయిందని కంగారు పడేవాళ్లను నేను ఎంతమందినో చూశాను. అది మామూలే. పట్టు కూడా మొదట తగ్గి మెల్లగా వస్తుంది. చీము పట్టడం, నరానికి దెబ్బ తగలడం వంటివి అరుదు, లేవని మాత్రం కాదు, కోత దగ్గర ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి. రెండు చేతులకూ ఉంటే మామూలుగా ఎక్కువ దెబ్బతిన్న చెయ్యి ముందు చేస్తారు, ఇంట్లో ఒక చెయ్యి పనికి మిగలాలి కదా.

బాగా ఆలస్యమైపోయి బొటనవేలు అడ్డంగా కదలలేని దశకు వచ్చినా దారి మూసుకుపోలేదు. వేరే కండరం టెండన్‌ను మళ్లించి బొటనవేలికి కలిపే ఆపరేషన్లు ఉన్నాయి. 1946లో వేలూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల చచ్చుబడిన చేతులకు ఇలాంటి టెండన్ మార్పిడులు చేసి పేరు తెచ్చుకున్నారు, మీ ఇంటికి అంత దగ్గరలో జరిగిన పని అది. అమ్మకు అంతవరకు రాకూడదనే నా కోరిక.

మీ విషయంలో నా సలహా ఇది. ఈ వారమే స్ప్లింట్ కొని, పట్టీ తిన్నగా చేసి వేయించండి, దాని ఫలితం కోసం ఆగకుండా ఎన్‌సీవీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలకు కూడా తీసుకెళ్లండి. చెంబు జారుతోంది కాబట్టి మీకు ఈ రెండూ ఒకేసారి జరగాలి. రిపోర్టులో నరం బాగా నలిగిందని వచ్చి, బొటనవేలి కండ పలచబడి ఉంటే డాక్టరు ఆపరేషన్ అంటారు, నేనైతే మా అమ్మకు వెంటనే చేయిస్తాను. చేయిస్తే ఆరు వారాల వరకు ఆమె పొదుగు కింద కూర్చోకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆవులు అరిస్తే ఆమె ఆగలేదు, కట్టు ఉన్న చేత్తోనే లేచి వెళ్తుంది, మా పేషెంట్లలో సగం మంది చేసే పని అదే. అందుకే తేదీ తీసుకునే ముందే ఆ నలభై రోజులూ పాలు ఎవరు పిండాలో మాట్లాడి పెట్టుకోండి.